షెడ్డులో ముప్పై ఏడు, ఎండలో ముప్పై ఒకటి

మా మామ ఏటా ఆయుధపూజకు కుప్పం నుంచి బయల్దేరి పోయి, కర్ణాటకలో ఒక రైల్వే మ్యూజియంలో నిలబెట్టిన అమెరికా స్టీమింజన్‌కు పూలమాల వేసి, గుమ్మడికాయ కొట్టి వచ్చేవాడు. పదేండ్లకు పైగా అట్లే చేసినాడు. అది ఆయన ఇంజన్ కాదని కనిపెట్టింది నేను. కావాలని కనిపెట్టలేదు. పాత పెయింటు గీకమన్నారు, గీకినాను.

ముందు నా సంగతి చెప్తాను. నేను అక్షరాలు రాసేదాన్ని. కథలు, పాటలు కాదు, బోర్డుల మీద అక్షరాలు. పుట్టింది పెద్దపంజాణి పక్కన పల్లెలో, మెట్టింది పుంగనూరులో. పుట్టింట్లో ఆవులు, చెనక్కాయ చేను. మెట్టినింట్లో పెయింటు డబ్బాలు. మా ఆయన బస్టాండు దగ్గర బోర్డులు రాసేవాడు. పెండ్లయిన కొత్తలో ఆయన సాక్‌పీసుతో అక్షరాల అంచులు గీసిపోతే నేను లోపల రంగు నింపేదాన్ని. కిరాణా అంగడి, ఎరువుల అంగడి, సైకిల్ షాపు, ఎలక్షన్ వస్తే గోడలు. కొన్నాళ్లకు అంచులు కూడా నేనే గీయడం మొదలుపెట్టినాను. ఇంకొన్నాళ్లకు ఆయన గీసిన అంచుల్ని దిద్దడం మొదలుపెట్టినాను. ఆ తర్వాత ఫ్లెక్సులు వచ్చినాయి. మా పనిని మింగిన ఆ మిషన్‌నే మా ఆయన కొని తెచ్చి అంగట్లో పెట్టినాడు.

“ఎట్లాగూ మింగుతాండాది గదా, మన ఇంట్లోనే ఉండి మింగనీ” అన్నాడు.

నాకు మిషన్ కుదరలేదు. మదనపల్లె టమాటా మార్కెట్‌కు పోయి క్రేట్ల మీద మండీల గుర్తులు రాసే పని పట్టుకున్నాను. ఒక్కో మండీకి రెండు మూడు ఇంగ్లీషు అక్షరాలు గుర్తు. క్రేట్ యాడికి పోయినా ఆ గుర్తును బట్టి సొంత మండీకి తిరిగి రావాల. రాకపోతే రాసినోళ్లది తప్పు. పదో తరగతి దాకా చదివినాను కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. మాటల అర్థం చాలాసార్లు తెలియదు. రాయడానికి అర్థంతో పెద్దగా పని పడలేదు.

ఇంక మామ. ఆయన మా మేనత్త మొగుడు. జోలార్‌పేట షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి, డీజిల్ వచ్చినాక డ్రైవరై, రిటైరై, కుప్పంలో ఇల్లు కట్టుకున్నాడు. కుడి చెవి వినపడదు. ఎడమది వినపడుతుంది కానీ ఆయన మాట్లాడేది రెండూ వినపడనట్టే. ఇంటి ముందరి మూడు మెట్లు కూడా ఇంజన్ దిగినట్టు వెనక్కి తిరిగి, ఒక చేత్తో గోడ పట్టుకొని దిగుతాడు.

స్టీమింజన్ కాలంలో జోలార్‌పేట నుంచి కుప్పానికి రావడమంటే ఎత్తెక్కడం. ఆ ఎత్తులో మామ ఎంత బొగ్గు తోసినాడో మా అత్తకు కూడా తెలుసు, అన్నిసార్లు చెప్పినాడు. ఆయన బొగ్గు తోసిన ఇంజన్లలో ఇంగ్లాండువీ ఉన్నాయి, ఇక్కడ తయారైనవీ ఉన్నాయి. ఆయన మనసు మాత్రం ఒక అమెరికా ఇంజన్ మీద నిలబడిపోయింది.

“ఇంగ్లాండు బండి మంచి బొగ్గు పెడితేనే పనిచేస్తాది. నలుసు బొగ్గు పెడితే అలుగుతాది” అనేవాడు. “అమెరికా బండి ఏం పెట్టినా తింటాది. మన ఆవులు మాదిరి.”

ఆ మ్యూజియంలో అమెరికాలో తయారైన ఇంజన్లు మూడు. ఒకటి ఏదో ఫ్యాక్టరీలో వ్యాగన్లు లాగిన చిన్న ఇంజన్. అది గేటు దగ్గర ఉంటుంది. మిగతా రెండూ పెద్దవి, ఒకే కార్ఖానాలో తయారై ఓడలో వచ్చిన అక్కాచెల్లెండ్లు. వాటి నంబర్లు పూర్తిగా రాయను. చివరి రెండంకెలు చాలు. ఒకటి ముప్పై ఒకటి, ఇంకొకటి ముప్పై ఏడు. మామ బొగ్గు తోసింది ముప్పై ఒకటికి.

రిటైరైన కొత్తలో, తన ఇంజన్ ఆ మ్యూజియంలో ఎండకు ఎండి వానకు తడుస్తోందని మామకు ఎవరో చెప్పినారు. మామ అర్జీ రాసినాడు. జోలార్‌పేటలో, బంగారుపేటలో మిగిలిన పాత ఫైర్‌మన్లందరి ఇండ్లకూ తిరిగి సంతకాలు పెట్టించినాడు. ఒకాయన మంచంలో ఉంటే వేలిముద్ర వేయించినాడు. ఆ అర్జీ పనిచేసింది. ముప్పై ఒకటికి షెడ్డు కట్టినారు. పెద్దాఫీసరు వచ్చి రిబ్బన్ కోసినాడు. గ్రానైటు ఫలకం పెట్టినారు. మామ ఆ షెడ్డులో ఇంజన్ పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో కుప్పంలో హాల్లో ఉంటుంది. వాళ్ల పెండ్లి ఫొటో లోపలి గదిలో ఉంటుంది.

రెండేండ్ల కింద ఒకరోజు మామ నాకు ఫోన్ చేసినాడు.

“కోడలా, యాడుండావు?”

“మార్కెట్లో, మామా.”

“క్రేట్లు పక్కన పెట్టు. ఇంజన్లకు రాయాల.”

“ఏం ఇంజన్లు?”

“ఏం ఇంజన్లంటావేంది? మన ఇంజన్లు.”

జరిగిందేమంటే, అంతకు ముందు ఎవరో కాంట్రాక్టరు ఇంజన్ల మీద నంబర్లు స్టిక్కర్లుగా అతికించిపోయినాడు. ఒక వానాకాలానికే అవి ఊడి, సగం నంబర్లు వేలాడుతూ ఉండినాయి. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ, పాతకాలంలో మాదిరి చేత్తోనే రాయించాలని పట్టు పట్టింది. చేత్తో రాసేవాళ్లు దొరకలేదు. ఆయుధపూజకు వచ్చిన మామ ఆ మాట విని, మా కోడలుంది అని చెప్పినాడు.

మా ఆయనకు చెప్తే, “స్టిక్కరైతే ఒక పూట పని గదా” అన్నాడు.

“అదే ఊడిపోయిందంట.”

“గమ్ము సరిగ్గా లేకపోతే ఊడక ఏమైతాది?” అని, తన మిషన్ తరఫున కొంచెం బాధపడి, నన్ను బస్సెక్కించినాడు.

మ్యూజియంలో ఆఫీసరమ్మ నన్ను చూసి, కన్నడంలో “పెయింటర్ ఎల్లి?” అని అడిగింది. పెయింటర్ యాడ అని.

“నేనే మేడమ్” అన్నాను.

ఆమె నా వెనక చూసింది. నా వెనక గోడ ఉంది. గోడను కాసేపు చూసి, “సరే, రామ్మా” అని తెలుగులోకి వచ్చింది. ఆమెకు తెలుగు బాగానే వచ్చు. చదువుకునే రోజుల్లో హాస్టల్లో అనంతపురం అమ్మాయిలతో ఉండిందంట.

అంతవరకు నేను స్టీమింజన్‌ను దగ్గరగా చూడలేదు. మామ మాటల్లో విని విని, అది మా దొడ్లో ఆవులంత ఉంటుందని ఎక్కడో మనసులో పడిపోయినట్టుంది. చక్రమే నా తలకంటే ఎత్తుంది. నిచ్చెన వేసుకొని డ్రైవర్ గది పక్క రేకు దాకా ఎక్కితే, రాయాల్సిన ఒక్కో అంకె నా మోచేతి పొడవుంది. నేను చెయ్యి వణక్కుండా ఆనించుకోవడానికి ఒక మల్బరీ కట్టె వాడతాను. మదనపల్లెలో పట్టుపురుగుల వాళ్లు ఆకు దూసి పారేసిన కొమ్మల్లో నిటారుగా ఉండేది ఏరుకుంటాను. ఆ కట్టె కొనకు గుడ్డ చుట్టి ఇంజన్‌కు ఆనిస్తే, ఏనుగుకు పుల్ల ఆనించినట్టుంది.

మేడం నాకు గీకడం నేర్పింది. నాకు గీకడం వచ్చనుకున్నాను, రాదంట. అక్షరాలుండే చోటు మాత్రమే, బ్లేడుతో, ఉప్పు కాగితంతో, ఒక్కో పొరా విడివిడిగా తీయాల. ప్రతి పొరకూ ఫొటో తీయాల. ఒక మూల ప్రతి పొరా కొంచెం మిగల్చాల.

“యాల మేడమ్?”

“అడుగున ఏముందో మనకు తెలియదు కదమ్మా” అంది.

అడుగున ఏముందో మూడో రోజు తెలిసింది. షెడ్డులో ఉండే ఇంజన్ మీద, స్టిక్కరు గమ్ము కింద నలుపు, దాని కింద ఊదా రంగు, దాని కింద మళ్లీ నలుపు, ఆకుపచ్చ, నలుపు. అన్నిటి కింద పాత మీగడ రంగు అంకెలు. మూడు సరిగ్గానే వచ్చింది. ఒకటి ఉండాల్సిన చోట ఒకటికి టోపీ ఉంది. ఇంకొంచెం గీకితే టోపీ పెద్దదైంది. టోపీ అంత పెద్దగా ఉంటే అది ఒకటి కాదు, ఏడు.

ఎవరికీ చెప్పలేదు. పాత పెయింటర్ ఒకటిని అట్లా రాసేవాడేమో అనుకున్నాను. మనుషులు అంకెల్ని రకరకాలుగా రాస్తారు. మదనపల్లెలో ఒక మండీ ఆయన సున్నా రాసి లోపల చుక్క పెడతాడు. మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయినప్పుడు నిచ్చెన ఎత్తుకొని, కాంపౌండు గోడ పక్కన ఆరుబయట ఉండే రెండో ఇంజన్ దగ్గరికి పోయినాను. అది ముప్పై ఏడు. కొళాయి దాని పక్కనే ఉంటుంది. మెట్లకు అడ్డం ఏమీ లేదు కాబట్టి వచ్చినోళ్లందరూ దాని మీదికెక్కి ఫొటోలు తీసుకుంటారు. మేడం చెప్పని చోట గీకింది నేను ఆ ఒక్కసారే. ఏడు కింద టోపీ లేదు. ఉత్త నిలువు గీత ఉంది.

రెండు ఇంజన్ల మీదా ఆ పాత మూడు ఒకే చేతిది. పైన గుండ్రంగా కాకుండా బల్లపరుపుగా, మధ్యలో సన్నగా నొక్కి, కింద తీరుబడిగా తిప్పినాడు. అంత తీరుబడిగా తిప్పినవాడు ఒకటికీ ఏడుకూ తికమక పడడు. తికమక పడింది తర్వాత వచ్చినోళ్లు. రెండు ఇంజన్లూ ఒకేసారి మ్యూజియంకు వచ్చి, ఒకేసారి నిలువెల్లా నల్లరంగు పూయించుకొని, ఆరినాక ఎవరో కాగితం చూసి నంబర్లు వేసినారు. అటుది ఇటు పడింది.

మేడంకు చెప్పినాను. ఆమె నన్నేమీ అనలేదు. “పెయింటు సాక్ష్యం కాదు. చట్రం మీద నంబరు కొట్టి ఉంటుంది, అది చూడాలి” అని, టార్చీ, కిరసనాయిలు, గుడ్డపేలిక తీసుకొని చుడీదార్‌తోనే షెడ్డులో ఇంజన్ కిందికి దూరింది. తర్వాత గోడ పక్కన ఇంజన్ కిందికి దూరింది. బయటికి వచ్చేటప్పటికి నుదుటి మీద గ్రీజు ఉంది.

“నువ్వు చెప్పిందే సరి” అంది.

ఇద్దరం పోయి గ్రానైటు ఫలకం ముందర నిలబడినాం. ఫలకం మీద ముప్పై ఒకటి నంబరు ఇంజన్ అని, పెద్దాఫీసరు పేరు, తేదీ చెక్కి ఉన్నాయి. గీకడానికి వీల్లేదు.

“పై ఆఫీసుకు రాస్తాను. జవాబు వచ్చేదాకా రెండిటికీ నంబర్లు రాయొద్దు. మిగతావన్నీ రాయి.”

“మరి మా మామకు, మేడమ్?”

“ఆయనకు నువ్వు చెప్పు.”

“మీరు ఆఫీసరు గదా.”

“ఆయన అర్జీ మా ఫైల్లో ఉంది. మొత్తం చదివినాను. నేను చెప్పలేనమ్మా” అంది.

ఆదివారం కుప్పం పోయినాను. అన్నం తిన్నాను. కాఫీ తాగినాను. అత్త పెరట్లో ఆవుకు కుడితి పెడతాంటే పక్కన నిలబడినాను. ఇంక చేసేదానికి పని లేక హాల్లోకి వచ్చి, ఇంజన్ ఫొటో కింద కూర్చున్న మామకు సంగతంతా చెప్పినాను. మొదటిసారి కుడి చెవి వైపు కూర్చొని చెప్పినాను. అది తెలియక చేసిన పని కాదు.

“ఏందీ?” అన్నాడు.

లేచి ఎడమ పక్కకు పోయి మళ్లీ చెప్పినాను.

“ఎవురు చెప్పింది?”

“పెయింటు గీకితే కనపడింది మామా. చట్రం మీద కూడా ఉండాది. మేడం సూసింది.”

“నేను ఆరేండ్లు దాంట్లో బొగ్గు తోసినాను. నా ఇంజన్ నాకు తెల్దా?”

అత్త పెరట్లోంచి, “పెండ్లిచూపులప్పుడు మా చెల్లెల్ని సూసి నేననుకున్న మనిషి గదా” అంది.

మామ ఆ మాట పట్టించుకోలేదు. “సరే, గుర్తు చెప్తాను విను. ఫైర్‌మన్ సీటు కింద రేకుకు సొట్ట ఉంటాది. ఒకనాడు ఎత్తులో ఆవిరి దిగిపోతాంటే, ఎంత తోసినా లేవకపోతే, కోపమొచ్చి పారతో కొట్టినాను. డ్రైవర్ నా మీద రిపోర్టు రాసినాడు. ఆ సొట్ట సూడమను మీ మేడాన్ని.”

“షెడ్డులో దాంట్లో నువ్వు సూసినావా మామా?”

“దాని మెట్లకు కమ్మీల తలుపు పెట్టి తాళం వేసినారు గదా. యాడ ఎక్కనిస్తారు?”

“బయట దాంట్లో?”

“దాంట్లోకి నేనెందుకెక్కుతాను? అది మన బండి కాదు గదా.”

ఆ మాట అనేసి, తలెత్తి పైన ఫొటో చూసినాడు. అత్త చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

“పోయి సూసుకొని రా. నన్ను కూడా పిల్చుకొని పో. ఇన్నేండ్లలో ఒక్కసారి పిల్చుకొని పోలేదు.”

తర్వాతి వారం ముగ్గురం పోయినాం. మామ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దోవ పొడుగునా సొట్ట గురించే చెప్పినాడు. సొట్ట ఎంతుంటుందో బస్సులో అందరికీ తెలిసింది.

మేడం షెడ్డులో ఇంజన్ తాళం తీయించింది. మామ ముందు అందులోకి ఎక్కినాడు. సీటు కింద చెయ్యి పెట్టి తడిమి తడిమి, వంగి టార్చీ వేసి చూసినాడు. రేకు నున్నగా ఉంది. కిందికి దిగి గోడ వైపు నడిచినాడు.

గోడ పక్కన ఇంజన్ దగ్గర వాచ్‌మన్ అడ్డం వచ్చి, మెట్ల పక్కన కొత్త బోర్డు చూపించినాడు. వయసు మళ్లినవారు ఎక్కరాదు అని కన్నడంలో, ఇంగ్లీషులో ఉంది. ఆ బోర్డు రాసింది నేనే, ముందు వారం. మేడం చెయ్యి ఊపితే వాచ్‌మన్ పక్కకు జరిగినాడు.

మామ ఎక్కినాడు. షెడ్డులో ఎక్కేటప్పుడు కమ్మీ కోసం చూపులతో వెతుక్కున్నాడు. ఇక్కడ చూడలేదు. చెయ్యి దానంతటదే పోయి పట్టుకుంది. సీటు కింద చెయ్యి పెట్టినాడు.

“ఉండాది” అన్నాడు.

నేను కూడా ఎక్కినాను. నా వేలు పట్టుకొని సీటు కింద పెట్టించినాడు. కోడిగుడ్డు ఆనించి నొక్కినంత సొట్ట. ఇంత చిన్నదానికి రిపోర్టు రాసినారా అనిపించింది కానీ అనలేదు. గోడల రేకు నిండా మేకులతో గీకిన పేర్లు, గుండె బొమ్మలు, గుండె మధ్యలో బాణాలు. మామ ఒక్కొక్కటీ చూసినాడు.

“ఇవెవురివి?”

“వచ్చిపోయేటోళ్లవి మామా.”

ఆయన ఫైర్‌మన్ సీటులో కూర్చున్నాడు. గుడ్డ అడిగినాడు. నా భుజం మీది పెయింటు గుడ్డ ఇచ్చినాను. అద్దం పోయి ఉత్త ఇత్తడి చట్రం మిగిలిన ఒక మీటరును తుడవడం మొదలుపెట్టినాడు. తుడుస్తూ, నా వైపు చూడకుండా మాట్లాడినాడు. ఆయన మెల్లగా మాట్లాడగా నేను వినింది అప్పుడే.

“ఏటా ఆడ పూజ చేసి, ఈడికొచ్చి, దీని నీడలో కూర్చొని సద్ది తిన్నాను కోడలా. తిని, ఆ కొళాయిలో చెయ్యి కడుక్కొని, లేసి పోయినాను. ఒక్కసారి కూడా పైకి సూడలేదు.”

గీకకుండా ఉండాల్సిందేమో అని ఒక నిమిషం అనిపించింది. నేను గీకకపోతే ఆయన హాయిగా ఆ షెడ్డు ముందర గుమ్మడికాయలు కొట్టుకుంటూ ఉండేవాడు. ఇది ఇట్లే గోడ పక్కన తుప్పు పట్టేది. రెండిట్లో ఏది మంచిదో నేను తేల్చలేకపోయినాను.

కింద నుంచి అత్త, “సూసినావు గదా, దిగు. కాళ్లు పట్టుకుంటాయి” అని అరిచింది. ఆయన దిగలేదు. రెండు మూడుసార్లు అరిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని అత్తే ఎక్కేసింది. వాచ్‌మన్ మొహం అటు తిప్పుకున్నాడు.

అత్త పైకి వచ్చి, కొలిమి తలుపు, సీటు, వెనక బొగ్గు పెట్టే చోటు అన్నీ చూసింది. ఇద్దరు ఫైర్‌మన్లు, ఒక డ్రైవరు ఆ సందులో ఎట్లా నిలబడేవాళ్లో మామ చూపించినాడు.

“ఇంత ఇరుకులోనా?” అంది అత్త. “ఇంటికొచ్చి వంటిల్లు చిన్నదని నా మీద ఎగిరేవాడివి గదయ్యా.”

“ఈడ కిటికీ ఉండాది గదా” అన్నాడు మామ.

అత్త కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసింది. బయట కాంపౌండు గోడ, కొళాయి, నా నిచ్చెన. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత మామ చేతిలో గుడ్డ తీసుకొని, ఆయన తుడిచిన మీటరునే ఇంకోసారి తుడిచింది. ఆయన తుడిచింది సరిగ్గా రాలేదని చెప్పింది.

పై ఆఫీసు జవాబు మూడు నెలలకు వచ్చింది. నంబర్లు సరిచేయవచ్చు. ఇంజన్లను కదిలించడానికి వీల్లేదు. ఫలకాన్ని తాకడానికి వీల్లేదు. మేడం ఫలకం కింద ఒక చిన్న బోర్డు పెట్టించింది. పైన చెప్పిన ఇంజన్ గోడ పక్కన ఉంది, ఇది దాని తోబుట్టువు అని దాని మీద రాయించింది. ఆ బోర్డు కూడా నేనే రాసినాను. మూడు భాషల్లో తోబుట్టువుకు ఎంత చోటు పడుతుందో కొలుచుకొని రాయాల్సి వచ్చింది.

నంబర్లు రాసే రోజు మామ వచ్చి నిచ్చెన కింద కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఆ పాత పెయింటర్ ఎవరో నాకు తెలియదు, ఆయనది ఏ ఊరో కూడా తెలియదు. ఆయన మూడును కాగితం పెట్టి అచ్చు తీయకుండా, చూసి చూసి నా చేత్తోనే తిప్పినాను. నాలుగుసార్లు టర్పెంటైన్‌తో తుడిపేసినాక కుదిరింది. తర్వాత ఒకటి రాసినాను.

“వాలింది” అన్నాడు మామ కింద నుంచి.

“లేదు మామా.”

“ఎడమకు వాలింది.”

మేడం మట్టం తెప్పించి పెట్టి చూసింది. నిజంగానే వెంట్రుకవాసి వాలింది. తుడిపి మళ్లీ రాసినాను. ఆయన ఏమీ అనలేదు. అంటే బాగుందని.

ఆ తర్వాత మామ రెండో అర్జీ రాసినాడు. ఆయన చెప్తే నేను రాసినాను. ముప్పై ఒకటి నంబరు ఇంజన్ ఎండకు ఎండి వానకు తడుస్తోంది, దానికి షెడ్డు కట్టించవలసిందిగా ప్రార్థన అని. ఈసారి సంతకాలు పెట్టడానికి, మొదటి అర్జీలో పెట్టినోళ్లలో ముగ్గురే మిగిలినారు. జవాబు తొందరగానే వచ్చింది. సదరు నంబరు ఇంజన్‌కు షెడ్డు ఇదివరకే మంజూరై, నిర్మాణం పూర్తయి, ప్రారంభోత్సవం కూడా జరిగినది కావున ఈ అర్జీ పరిశీలనకు రాదు అని ఉంది.

మామ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివినాడు. “వాళ్లు చెప్పేది కూడా నిజమే గదా” అన్నాడు.

మేడం వేరే దోవ పట్టింది. వచ్చిపోయే జనానికి కూర్చునేదానికి నీడ లేదని రాసి, సందర్శకుల విశ్రాంతి షెడ్డు అని మంజూరు చేయించింది. దాన్ని గోడ పక్కన కట్టించింది. షెడ్డు కింద నాలుగు బల్లలు, మిగతా చోటంతా ఇంజన్. మనుషుల కోసం వేసిన లెక్క కాబట్టి రేకులు ఇంజన్ చివరిదాకా చాలలేదు. పొగ్గొట్టం, దాని ముందరి భాగం బయటికే ఉన్నాయి. పొగ్గొట్టానికి మూత పెట్టినారు. బండి నడిచే కాలంలో దానికి మూత కూడా లేదు, వానలో తడిసిందే గదా అని మామ సర్దుకున్నాడు.

పోయిన ఆయుధపూజకు మామ, అత్త, నేను పోయినాం. మామ రెండు గుమ్మడికాయలు తెచ్చినాడు. ముందు ముప్పై ఒకటికి కొట్టి, తర్వాత పెద్ద షెడ్డుకు పోయి ముప్పై ఏడుకు కొట్టినాడు.

“దానికెందుకు మామా?” అని అడిగినాను.

“ఇన్నేండ్లు చేసినాను గదా. ఇప్పుడు నిలిపేస్తే ఏమనుకుంటాది?”

అన్నం తినేటప్పటికి వాన పట్టింది. మ్యూజియంలో తిరుగుతాండే జనమంతా పరుగెత్తుకొని విశ్రాంతి షెడ్డు కిందికి వచ్చినారు. హిందూపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన పెండ్లాము మా బల్ల మీదే కూర్చున్నారు. ఆ పెద్దాయన ఇంజన్‌ను కిందికీ మీదికీ చూసి, “ఇది యాడి బండప్పా?” అని ఎవరినో అడిగినట్టు అడిగినాడు.

మామ సద్దిగిన్నె కింద పెట్టినాడు. అమెరికా నుంచి ఓడలో రావడం దగ్గర మొదలుపెట్టినాడు. కుప్పం ఎత్తు దగ్గరికి వచ్చేటప్పటికి లేచి నిలబడి, చేతుల్లో పార ఉన్నట్టు తిరిగి తిరిగి బొగ్గు తోస్తాండాడు. వాన నిలిచింది. జనం కదల్లేదు.

“బస్సుకు టైమైతాండాది” అంది అత్త.

నేను ఆయన ఎడమ పక్కకు పోయి అదే మాట చెప్పినాను. వినపడింది, తల ఊపినాడు, తోసేది ఆపలేదు. ఆ బస్సు తప్పిపోయింది. ఆ తర్వాతి దానికి వచ్చినాం.